వదిన బ్రేకు చప్పుడు

వదిన సైకిలు వెనక బ్రేకు కీచుమంటుంది. అలాంటిలాంటి కీచు కాదు. కొండ మీద పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి. ఆదివారం పొద్దున్నే ఆ దారిన నడకకి వచ్చే పెద్దాయన ఒకడున్నాడు. పైనుంచి ఆ చప్పుడు వినబడగానే, ఇంకా సైకిలు కనబడకుండానే, చేతికర్ర చంకలో పెట్టుకుని పొదల్లోకి తప్పుకుంటాడు. పాపం, ఒకసారి మొహమాటానికి పోయి దారిలోనే నిలబడి, ఆ తర్వాత బుద్ధి తెచ్చుకున్నాడు.

"అది బ్రేకా వదినా, గొంతు పట్టుకున్న కోడా?" అని అడుగుతుంది మరదలు.

"మీ అన్నయ్య గురక కంటే నయమే" అంటుంది వదిన.

వాళ్ళ వరస అది. వదినా మరదళ్ళన్నాక వేళాకోళం ఉండాలి, లేకపోతే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. మరదలి ముద్దుపేరు పిచ్చుక. చిన్నప్పుడు ఒకచోట నిలబడకుండా గెంతుతోందని వాళ్ళన్నయ్య పెట్టాడు. పెళ్ళయి ఇంట్లోకి వస్తూనే వదిన ఆ పేరు స్వాధీనం చేసుకుంది. ఇప్పుడు పిచ్చుకకి నలభై దాటాయి, జుట్టులో సగం నెరిసింది, అయినా పిచ్చుకే. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "కుదర్లేదు" అంటుంది. నిజానికి కుదరకపోవడం కాదు, ఆవిడకి నచ్చలేదు. అన్నయ్య ఇంటి మేడమీద గదిలో ఉంటుంది, సోఫాలకి పరుపులకి బట్ట వేసే షాపులో పనిచేస్తుంది. వదిన బడిబస్సు నడుపుతుంది.

ఈ కొండసైకిళ్ళ పిచ్చి మొదట అన్నయ్యది. ఆయన ఒకటి కొన్నాడు, ఒక్కరోజు కొండెక్కాడు, దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కి హ్యాండిలు మీదుగా ఎగిరి ముళ్ళపొదలో పడ్డాడు. ఇంటికొచ్చి సైకిలుని వరండాలో పెట్టి దాని మీద తడిబట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు చూసి వదిన ఆ బట్టలు తీసి ఆయన చేతికిచ్చి, సైకిలు తను తీసుకుంది. తర్వాత మరదలికీ ఒకటి కొనిపించి వెంట లాక్కుపోయింది. ఆదివారం పొద్దున ఇద్దరూ కొండకి పోతారు, అన్నయ్య టీ పెట్టుకుని పేపరు చదువుకుంటాడు. ఎవరి సుఖం వాళ్ళది.

వదినకి బ్రేకు సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిడ బస్సులో సాయంత్రం పూట పిల్లలు నిద్రపోతారు. ఒకరి భుజం మీద ఒకరు వాలి, నోళ్ళు తెరుచుకుని, పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతారు. వాళ్ళు తుళ్ళిపడకుండా ఆపడమే ఆవిడ విద్య. "బ్రేకనేది ఆగడానికి కాదే, ఎంత వేగంగా పోవాలో ముందుగా తేల్చుకోవడానికి" అని మరదలికి చెప్పింది. మలుపులో నొక్కకు, మలుపు రాకముందే నొక్కి మలుపులో వదిలెయ్. ఒక్కో చేతికి ఒక్క వేలు చాలు. వెనకది ఒక్కటే పట్టుకుంటే చక్రం జారుతుంది, ముందుది ఒక్కటే పట్టుకుంటే మీ అన్నయ్యలా ఎగురుతావు. దిగుడొస్తే సీటు మీదనుంచి లేచి నడుము వెనక్కి పెట్టు, మడమలు కిందికి దించు. రాయి కనబడితే రాయిని చూడకు, రాయి పక్కన దారిని చూడు. చూసిన చోటికే పోతుంది చక్రం.

ఈ చివరి పాఠమే పిచ్చుక పాలిట చిక్కై కూర్చుంది.

ఒకరోజు షాపులో ఒక పాత కుర్చీకి కొత్త బట్ట వేస్తోంది. కొయ్య అంచున చిన్న మేకు నిలబెట్టి సుత్తి ఎత్తింది. మేకు లేదు. వేళ్ళ మధ్య దాని మొన తగులుతూనే ఉంది, చూస్తే మాత్రం లేదు. పైనున్న కిటికీలోంచి ఎండ పడుతోంది, ఆ ఎండలో స్పాంజి నలుసులు తేలుతున్నాయి, కుర్చీ అంచు, బల్ల మీద కత్తెర, తన గాజులు అన్నీ ఉన్నాయి. మేకున్న చోట మాత్రం ఎవరో ఒక చుక్క పాలు ఒలకబోసినట్టుంది. చూపు కాస్త కత్తెర వైపు తిప్పింది. వెంటనే మేకు పక్కనుంచి బుద్ధిగా కనబడింది. మళ్ళీ సూటిగా చూసింది, మళ్ళీ పోయింది. కాసేపు అలా దాంతో దాగుడుమూతలాడి, చివరికి కళ్ళు మూసుకుని మేకు కొట్టింది. సరిగ్గానే దిగింది.

కళ్ళ డాక్టరు మెత్తగా చెప్పాడు. నడిమి చూపు పోతోంది, పోతూ ఉంటుంది, అంచుల చూపు మిగులుతుంది. పూర్తిగా చీకటి పడదమ్మా, భయపడకండి అన్నాడు. ఆయన మొహం పాలలో ఉంది. చెవులు మాత్రం చాలా స్పష్టంగా ఉన్నాయి, ఒక చెవి మీద వెంట్రుకలు కూడా కనబడ్డాయి.

ఆ రోజునుంచి లోకం ఆవిడకి నిద్రకీ మెలకువకీ మధ్య ఉండే లోకమైపోయింది. మనుషులు మొహాలు లేకుండా వచ్చేవారు. చెప్పులు ముందు వచ్చేవి, చీర అంచు వచ్చేది, చేతిసంచీ వచ్చేది, ఆ తర్వాత ఎక్కడినుంచో గొంతు వచ్చేది, అప్పుడు ఎవరో తెలిసేది. ఏది కావాలని చూస్తే అది సిగ్గుపడి తప్పుకునేది. అక్కర్లేదనుకున్నది ఆ మూలనుంచీ ఈ మూలనుంచీ తొంగి చూసేది. నిజం చెప్పాలంటే అందులో ఒక అందం ఉంది, ఆ అందాన్ని ఆవిడ కొన్నిసార్లు సిగ్గులేకుండా అనుభవించేది కూడా. సాయంత్రం మేడమీద కూర్చుంటే ఆకాశం నడుమ తెల్లగా కరిగిపోయి, చుట్టూ అంచుకి మాత్రం రంగులు కుట్టినట్టుండేది. ఆ తర్వాత కిందికి దిగడానికి మెట్లు వెతుక్కునేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని వదిలేది కాదు.

అయినా ఎవరికీ చెప్పలేదు. షాపులో వేళ్ళు పనిచేసేవి, కళ్ళతో పెద్దగా పని పడేది కాదు. ఇంట్లో వదినకి చెప్పకపోవడానికి కారణం వేరే ఉంది.

పిచ్చుక వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ వదిన ఆవిణ్ణి ఆటపట్టించేది. అత్తాకోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు వేపుకు తింటారంటారు, వీళ్ళు వేళాకోళంతోనే వేపుకు తినేవాళ్ళు. కొండదారిలో అన్నిటికంటే చెడ్డ మలుపుకి వదిన 'అత్తగారి మలుపు' అని పేరు పెట్టి, ఆ సంగతి అత్తగారికే చెప్పింది. "చెప్పకుండా వస్తుందత్తయ్యా, వచ్చాక ఇక వెనక్కి తిరగడానికుండదు" అంటే ఆవిడ నవ్వలేక దగ్గింది. తర్వాత ఆవిడ మంచాన పడింది. ఆ వారంలోనే వదిన మాట మెత్తబడింది. అలాగే అత్తయ్యా, పడుకోండత్తయ్యా, నేనున్నాగా అత్తయ్యా. ఒక మధ్యాహ్నం అమ్మ పిచ్చుకని దగ్గరికి పిలిచి, "ఆ పిల్ల నన్ను వేళాకోళం చెయ్యడం మానేసింది. ఇక నా పని అయిపోయినట్టే" అంది.

ఆ మాట పిచ్చుక గుండెలో ముల్లులా ఉండిపోయింది. కళ్ళ సంగతి తెలిస్తే వదిన తనతోనూ అలాగే మాట్లాడుతుంది. సైకిలు వరండాలో పెడుతుంది. దాని మీద మళ్ళీ బట్టలు ఆరతాయి. పిచ్చుక అని పిలవడం మానేస్తుంది. కళ్ళు పోతే పోయాయి, ఆ పిలుపు పోతే తను బతికున్నట్టు తనకే నమ్మకం కుదరదు. అందుకని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

మరి కొండ ఎలా దిగేది? అక్కడికే వస్తున్నాను. వదిన బ్రేకు చప్పుడు పట్టుకుని దిగేది.

కొండ దిగేటప్పుడు వదిన ముందు, పిచ్చుక వెనక. మధ్యలో ఒక చిన్న ఇంటి వెడల్పంత దూరం. పొట్టిగా ఒక్క కీచు వినబడితే మలుపు. అది ఎక్కడ మొదలైందో అక్కడికి తను చేరగానే తనూ నొక్కేది. పొడుగ్గా సాగితే నిటారు దిగుడు, నడుము వెనక్కి, మడమలు కిందికి. ముక్కలు ముక్కలుగా, నత్తివాడి మాటలా వినబడితే రాళ్ళు, జారుడు కంకర, పట్టుకుని వదులుతూ పట్టుకుని వదులుతూ పోవాలి. ఏ చప్పుడూ లేకపోతే అంతకంటే మంచి కబురు లేదు. దారి సాఫీగా ఉంది, వదిలెయ్ అని. అప్పుడు రెండు వేళ్ళూ బ్రేకుల మీదనుంచి ఎత్తేసేది. ఎదర అంతా పాలు, రెండు పక్కలా చెట్లు బారులు తీరి వెనక్కి పోతూ, చక్రం కింద వేర్లు టకటకమంటూ, చెవుల్లో గాలి. తను దిగడం లేదు, కొండే తనని మెల్లగా కిందికి దించి పెడుతోంది అనిపించేది. అలాంటప్పుడు ఆవిడకి భయమన్నది గుర్తొచ్చేది కాదు. ముందు వదిన ఉంది, వదిన చేతిలో బ్రేకుంది, బస్సులో నిద్రపోయే పిల్లలకి మల్లే తనకి ఇంకేం కావాలి.

ఇన్ని చేసిన మనిషి నోరు అదుపులో పెట్టుకోవచ్చు కదా. పెట్టుకోలేదు. ఆ చప్పుడు మీద తను ఆధారపడినట్టు ఎక్కడ బయటపడుతుందోనని దాన్నే రోజూ వెక్కిరించడం మొదలుపెట్టింది. మొదట కోడి అంది. తర్వాత తలుపు బందు అంది. ఒక సాయంత్రం టీ తాగుతూ అన్నయ్య ఎదుట మరీ రెచ్చిపోయింది.

"ఆ నడిచే పెద్దాయన నన్నడిగాడన్నయ్యా, మీ ముందు వచ్చే ఆవిడకి ఏమైనా బాధా, దిగేటప్పుడల్లా అలా అరుస్తుంది అని."

అన్నయ్య పొలమారేలా నవ్వాడు. వదిన నవ్వలేదు. కప్పులు తీసుకుని లోపలికి పోతూ, "అంత బాధగా ఉంటే చెప్పొచ్చుగా" అని మాత్రం అంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. కాలు, నోరు రెండూ ఒకేసారి జారే సందర్భం ఒకటుంటుందని వాళ్ళకీ తెలిసినట్టు లేదు.

ఆ ఆదివారం మంచు దట్టంగా పట్టింది. కొండ మీద చెట్ల మొదళ్ళు మాత్రం కనబడుతున్నాయి, తలలు లేవు. వదిన కూడా "ఇవాళ ఏమీ కనబడి చావడం లేదే" అంటే పిచ్చుకకి లోలోపల కులాసాగా అనిపించింది, లోకమంతా ఒక్కరోజుకి తన వీధిలోకి కాపురం వచ్చినట్టు. సైకిళ్ళు నెట్టుకుంటూ పైదాకా ఎక్కారు. వదిన ఎందుకో లోపల్లోపల నవ్వుకుంటోంది. గొంతులో తెలుస్తోంది.

"ఏంటి వదినా, ఏదో దాస్తున్నావు?"

"కింద చెప్తా. పద."

వదిన కదిలింది. కంకర మీద చక్రాల చప్పుడు కొంచెంసేపు వినబడి మంచులో కలిసిపోయింది. పిచ్చుక బయల్దేరింది.

మొదటి మలుపు దగ్గర కీచు వినబడలేదు. వదిన ఇవాళ మంచి ఊపు మీదుంది అనుకుంది. ఆ మలుపు పెద్దది కాదు, వాలి తిరిగేసింది. వేర్ల దగ్గరా చప్పుడు లేదు. సరే, వదిలెయ్ అనేగా. వేళ్ళెత్తేసింది. సైకిలు తేలికైంది. ఎప్పుడూ ఇంత వేగంగా దిగలేదు. ఎదర పాలు, పక్కల పాలు, ఆ పాలలోంచి తడిసిన ఆకులు ఒకదాని వెనక ఒకటి అంచుల్లో మెరిసి పోతున్నాయి. ఒళ్ళంతా ఒక్కటే నిశ్శబ్దం. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో పడుకుని నిద్రపట్టే ముందు మంచం కిందికి కిందికి పోతున్నట్టుండేదే, అచ్చం అలా ఉంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఈ ఒక్క దిగుడు కోసం ఆ కళ్ళు ఏమైపోయినా ఫరవాలేదనిపించింది.

ఎడమ కంటి అంచులో తెల్లటి ఎండుమాను ఒకటి కనబడింది.

ఆ మాను అత్తగారి మలుపు దగ్గరుంటుంది. అది కనబడేసరికి వేగమంతా తగ్గించేసి ఉండాలి. అక్కడికి చాలా ముందే వదిన బ్రేకు పొడుగ్గా ఏడవాలి. ఏడవలేదు. ఆ ఒక్క క్షణంలో పిచ్చుకకి అంతా అర్థమైంది. వదిన ఊపు మీద లేదు. వదిన నొక్కుతూనే ఉంది. నోరు లేనిది బ్రేకుకే.

ఒళ్ళు తనంతట తను పనిచేసింది. నడుము వెనక చక్రం మీదికి పోయింది, మడమలు దిగాయి, రెండు వేళ్ళూ మూసుకున్నాయి. కంకర మీద వెనక చక్రం పక్కకి ఈడ్చింది. వదిలి మళ్ళీ పట్టుకుంది. వేగం తగ్గుతోంది గాని చాలినంత తగ్గడం లేదు. మలుపు ఎటు, లోయ ఎటు? ఎదర ఉన్నదల్లా పాలే.

ఆ పాలు మాట్లాడాయి.

"ఎలా ఉందే నా కొత్త బ్రేకు?"

వదిన గొంతు. సరిగ్గా ఎదర. మలుపులో, దారి నడిమధ్య ఆగి, మెప్పు కోసం ఎదురుచూస్తున్న గొంతు.

పిచ్చుక చూడడం మానేసింది. కొండ వైపు ఏది, లోయ వైపు ఏది అన్నది ఎడమ అంచున ఉన్న ఎండుమాను బట్టి తెలుసు. ముందు బ్రేకు వదిలేసి, వెనకది బిగబట్టి, సైకిలుని ఎడమకి, కొండ వైపుకి పడేసింది. వదిన చొక్కా గాలి మొహానికి తగిలింది. ఆ తర్వాత కొమ్మలు, ముళ్ళు, తడిమట్టి, మొహం మీద ఆకులు. పైన ఎక్కడో తన సైకిలు చక్రం టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. మోచెయ్యి మండుతోంది. కాళ్ళు కదిపి చూసుకుంది. కదిలాయి.

వదిన పొదలోకి పడుతూ లేస్తూ వచ్చింది. సైకిలు లాగి అవతల పారేసి, మరదలి తల, భుజాలు, మోకాళ్ళు తడిమి చూసింది. అన్నీ ఉన్న చోటే ఉన్నాయని తేలాక కోపమొచ్చింది.

"ఎర్రచొక్కా వేసుకుని దారికడ్డంగా ఏనుగులా నిలబడ్డానే. కనబడలేదా నీకు?"

మంచు మీదికి నెట్టేయచ్చు. అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కాని ఇంకాస్త ఉంటే ఈ మనిషిని లోయలోకి గుద్దేసేదాన్ననే తలపు దానికి అడ్డం పడింది. రోజూ బస్సెక్కే పిల్లలు గుర్తొచ్చారు, వరండాలో పేపరు చదువుతున్న అన్నయ్య గుర్తొచ్చాడు.

"కనబడలేదు వదినా" అంది. "మంచు లేకపోయినా కనబడవు. సూటిగా చూస్తే నాకేదీ కనబడడం లేదు. చాన్నాళ్ళయింది."

అక్కడే మట్టిలో కూర్చుని అంతా చెప్పింది. మేకు సంగతి, డాక్టరు చెప్పింది, ఇన్నాళ్ళూ ఆ కీచు వింటూ వెనక దిగడం, ఇవాళ అది వినబడకపోతే దారి సాఫీగా ఉందనుకోవడం. వదిన మెల్లగా, "అరిగిపోయిన బ్రేకు ముక్కలు తీసి కొత్తవి వేయించా. నువ్వు అంతగా వెక్కిరిస్తున్నావని" అంది.

తర్వాత మరదలి మోచేతిలో ముళ్ళు తీసింది. సీసాలో నీళ్ళు పోసి కడిగింది. చెయ్యి పట్టుకుని లేపింది.

"లే అమ్మా. నెమ్మదిగా. ఇక్కడ రాయుంది, చూసుకో."

అమ్మా అంది.

రెండు సైకిళ్ళూ వదినే నెడుతూ, పిచ్చుకని కొండ వైపు నడిపిస్తూ దిగుతున్నారు. ఇక్కడ వేరుంది అమ్మా. కాస్త ఆగుదామా అమ్మా. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అమ్మా. పాపం, ఆవిడకి ఏమీ తెలియదు, మంచి మనసుతోనే అంటోంది. ఒక్కో మాటకీ పిచ్చుక లోపల ఒక్కో దీపం ఆరిపోతోంది. అమ్మ మంచం గుర్తొచ్చింది, ఆ మంచం మీద దుప్పటి అంచు గుర్తొచ్చింది. ఇంకొంత దూరం నడిచి ఆగిపోయింది.

"వదినా, నన్ను అమ్మా అనకు."

"ఏం?"

"నువ్వు వేళాకోళం మానేశావని అమ్మ నాతో చెప్పింది. ఇక తన పని అయిపోయినట్టే అని చెప్పింది. నేను నీకు చెప్పకపోవడానికి అదే కారణం. కళ్ళ గురించి కాదు."

వదిన సైకిళ్ళు రెండూ గట్టుకి చేరేసింది. ఒకటి పడిపోయినా పట్టించుకోలేదు.

"అత్తయ్య అలా అనుకున్నారా?" అంది.

"అలాగే అనుకుంది."

"నాకు భయమేసిందే. ఆవిణ్ణి ఏదన్నా అంటే అదే ఆఖరి మాటైపోతుందేమోనని భయమేసింది. అందుకని మంచిగా మాట్లాడాను. అది ఆవిడకి అలా తగిలిందా?"

మంచు కాస్త పల్చబడింది. కింద ఎక్కడో ఆ పెద్దాయన చేతికర్ర రాళ్ళ మీద టక్కుటక్కుమంటోంది. ఇవాళ హెచ్చరిక లేదు కాబట్టి దారి మధ్యలోనే ధీమాగా నడుస్తున్నట్టున్నాడు.

అప్పుడు వదిన తిట్టడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, కడుపులోంచి తిట్టింది.

"నా బస్సులో పిల్లలు నన్ను నమ్మి నిద్రపోతారు. నమ్మారని నాకు తెలుసు కాబట్టి తుమ్మొచ్చినా చూసుకుని తుమ్ముతాను. నువ్వు నా వెనక కళ్ళు మూసుకుని వస్తున్నావని నాకెవరు చెప్పారే? నేనే వెళ్ళి చెట్టుకి గుద్దుకుని ఉంటే నువ్వూ వరసలో వచ్చి గుద్దుకునేదానివి. నన్ను కళ్ళు చేసుకున్నదానివి, ఆ మాట నాతో ఒక్కసారి అనడానికి నోరు రాలేదా? నా బ్రేకుని కోడీ, తలుపూ అనడానికి మాత్రం వచ్చింది. సిగ్గులేని పిచ్చుకా."

పిచ్చుక తలొంచుకుని వింది. ఆ తిట్లు ఒక్కొక్కటీ ఒంటికి వెచ్చగా తగిలాయి. చివరి మాట దగ్గరైతే ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయింది.

తిట్లు అయ్యాక వదిన, "అయితే ఇప్పుడు సూటిగా చూస్తే నా మొహం కనబడదన్నమాట" అంది.

"కనబడదు."

"ఏం కనబడుతుంది?"

"పాలు ఒలికినట్టుంటుంది."

"పోనీలే. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నా మొహానికి వంక పెట్టని ఆడపడుచు ఉంటే బాగుండుననుకున్నా. ఇన్నాళ్ళకి దొరికింది. గుడ్డి కంటే మెల్ల నయమంటారు, నీదేంటే మరీ విడ్డూరం. ఇల్లంతా ఎవరికో అద్దెకిచ్చేసి వరండాలో కాపురం పెట్టినట్టుంది."

గొంతు కొంచెం కూడా తొణకలేదు. బస్సులో పిల్లల్ని కూర్చోమని చెప్పే గొంతు, నిబ్బరంగా, కులాసాగా ఉంది. పిచ్చుక గట్టున పడిన సైకిలు వైపు చూస్తోంది. చూపు అటుండడం వల్ల, కంటి అంచున వదిన మొహం మొత్తం స్పష్టంగా ఉంది. ఆ మొహం ఏడుస్తోంది. కన్నీళ్ళు చెంపల మీదనుంచి గడ్డం దాకా కారి ఎర్రచొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకుంటే చెయ్యి కదిలినట్టు తెలిసిపోతుందని తుడుచుకోవడం కూడా లేదు. మరదలు అటెటో చూస్తోంది కదా, తను కనబడడం లేదనుకుంటోంది.

పిచ్చుకకి ఏడుపొచ్చింది, ఆపుకుంది. మెల్లగా తల తిప్పి వదిన మొహంలోకి సూటిగా చూసింది. మొహం పోయింది, కన్నీళ్ళూ పోయాయి.

"వరండాలోనే గాలి బాగా వస్తుంది వదినా" అంది. "నీకెందుకు కడుపుమంట?"